నీరు పోయుట, కారణము వెదకుట

మా కుడి మణికట్టుపై రూపాయి బిళ్లంత మచ్చ యొకటి కలదు. క్రొత్తగా తరగతిలో చేరిన బాలబాలికలు ప్రతి సంవత్సరమును దానినిగూర్చి మమ్ము ప్రశ్నించుచుందురు. "కాలినది" అని మాత్రము చెప్పి పాఠములోనికి పోవుట మాకు వాడుకయైనది. ఈసారి మన పత్రికకు ఏదేని వ్రాయుమని కోరినపుడు ఆ మచ్చ కథనే వ్రాయుదమని తలంచితిమి. ఇది మా ఘనతను చాటు కథ కాదు. అయినను మోటారుకారు ఇంజను చల్లబడు విధమును, అది చల్లబడనపుడు కారణము కనుగొను క్రమమును ఇందువలన తెలియును గాన, చదువరులకు కొంత ప్రయోజనము కలుగునని నమ్ముచున్నాము.

మాకొక పాత చిన్న కారు కలదు. 2022వ సంవత్సరము వర్షాకాలము మొదలుకొని, దాని రేడియేటరు ప్రక్కనుండు తెల్లని డబ్బాలో నీరు తగ్గుచుండుట చూచితిమి. కారు క్రింద నేలపై తడి కానరాదు. పొగ లేదు. ఇంజను చప్పుడులో భేదము లేదు. వారమునకొక లీటరు నీరు పోసినచో బండి యథాప్రకారము నడచుచుండెను. కావున మేము శనివారము శనివారము ఇంటి బోరునీరు ఒక చెంబుతో పోసి, పని తీరినదని తృప్తి చెందుచుంటిమి. మార్కాపురము, కంభము ప్రాంతములందు కాపురముండువారికి బోరునీటి గుణము చెప్పనక్కరలేదు. గిన్నెలకును బక్కెట్లకును తెల్లని పెచ్చు పట్టును. ఆ నీటిలో పప్పు ఉడకదని మా గృహిణి దానిని వంటకు వాడదు. వంటకు పనికిరాని నీటిని మేము ఎనిమిది నెలలు ఇంజనునకు పోసితిమి.

2023వ సంవత్సరము మార్చి నెలలో నంద్యాలయందు విద్యార్థులకు వక్తృత్వపు పోటీ యొకటి జరిగెను. తొమ్మిదవ తరగతి బాలురిద్దరిని మేమే కారులో తీసికొని పోవ నిశ్చయించితిమి. ఉదయము ప్రార్థన చేసికొని బయలుదేరి, కంభము, గిద్దలూరు దాటి, దిగువమెట్ట కడ నల్లమల యడవిలో ప్రవేశించితిమి. ఎండ ముదిరెను. ఎక్కుడు త్రోవ మొదలాయెను. బాలురకు ఉక్కగా నుండునని చల్లగాలి యంత్రమును వేసియే నడుపుచుంటిమి.

వేడిని తెలుపు మీటరులో సూచి యెల్లప్పుడును మధ్యగీత కడ నుండునది. ఆ దినమున అది మెల్లగా పైకి లేచి, కొన్ని మలుపులు దాటునప్పటికి ఎఱ్ఱగీతను తాకెను. నీడగల చోట ఆపుదమని యనుకొనుచుండగానే సూచి దిగ్గున క్రిందికి పడిపోయెను. "చూచితిరా, దానంతట అదే చల్లబడినది" అని బాలురతో సంతోషముగా పలికి, ఇంకను రెండు కిలోమీటర్లు నడిపితిమి. అది చల్లబడుట కాదు. మీటరునకు వార్త పంపు చిన్న సాధనము నీటిలో మునిగియున్నంతవరకే నిజము చెప్పగలదు. నీరు తగ్గి అది ఉత్త ఆవిరిలో నిలిచినచో, ఇంజను కాలిపోవుచున్నను తక్కువ వేడినే చూపవచ్చును. ఎఱ్ఱగీతకు పోయిన సూచి కారణము లేకయే దిగినచో సంతోషింపరాదు. ఆ క్షణముననే బండి నాపవలెను. ఈ సంగతి మేమప్పుడెరుగము.

అంతలో ముందుమూత సందులనుండి తెల్లని ఆవిరి వెడలెను. బండి నాపి, మూత నెత్తి, తువాలు మడిచి రేడియేటరు మూతపై చేయి వేసితిమి. బాలురిద్దరును చూచుటకై వంగిరి. వారిలో చిన్నవాడు, "అయ్యవారూ, వద్దండీ. ప్రెషరుకుక్కరు మూత వేడిమీద తీయగూడదని మీరే పాఠములో చెప్పినారు గదా" అనెను. "మాకు తెలియును, నీవు ఊరకుండుము" అని గద్దించి మూత త్రిప్పితిమి. మరుక్షణమున మరుగునీరు ఆవిరితోగూడ నిలువెత్తు లేచెను. తువాలు జారిపోయెను. మా మణికట్టు కాలెను. ఆ పిల్లవాడు మా గద్దింపునకు బెదరి ఒక యడుగు వెనుకకు వేసియుండెను. ఆ యడుగు వేయకున్నచో ఆ నీరు వాని కన్నులలో పడియుండెడిది. దైవకృప తప్ప మమ్మును వానిని కాపాడినది వేరొకటి లేదు. మా చేతి మంటకన్న ఆ తలంపు మమ్ము ఎక్కువ బాధించెను, నేటికిని బాధించుచున్నది.

వాడు చెప్పినది మేము ఇరువది యేండ్లుగా ఎనిమిదవ తరగతిలో బోధించుచున్న పాఠమే. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. పైన ఒత్తిడి హెచ్చినకొలది మరుగు వేడియు హెచ్చును. రేడియేటరు మూత ఉత్త మూత కాదు. లోపల స్ప్రింగుతో బిగిసిన ద్వారము. పెక్కు కార్ల మూతలపై 0.9 లేక 1.1 అను అంకె ముద్రింపబడియుండును. 0.9 అనగా లోని ఒత్తిడి బయటి గాలికన్న చదరపు సెంటీమీటరునకు సుమారు 0.9 కిలోగ్రాము హెచ్చగువరకు మూత పట్టియుంచును. అంత ఒత్తిడిలో నీరు 119 డిగ్రీల వరకు మరుగదు. అట్టి స్థితిలో 110 డిగ్రీల వేడిగల నీటిపై నుండి మూత తీసినచో ఒత్తిడి ఒక్కసారిగా పోవును. ఆ నీటిలో కొంతభాగము తత్క్షణమే ఆవిరియై తక్కిన నీటిని చిమ్మును. మేము నల్లబల్లపై గీచి చూపిన సంగతి, త్రోవప్రక్కన మా చేతికి తెలియకపోయెను.

త్రాగునీటి సీసాలు మా చేతిపై పోసికొనుచుండగా గిద్దలూరునుండి నంద్యాల పోవు బస్సు వచ్చెను. ఆ పోటీకే తన విద్యార్థులను తీసికొని పోవుచున్న వేరొక ఉపాధ్యాయుడు అందుండెను. మా బాలురను ఆయనకప్పగించితిమి. ఒక లారీడ్రైవరు ఆగి, మేము తొందరపడి ఇంజనులో చల్లనీరు పోయకుండ వారించెను. ఎఱ్ఱగా కాగిన మూకుడుపై చన్నీళ్లు చల్లిన మూకుడు పగులును గదా. ఇంజను పైభాగమగు హెడ్డునకును అట్టి యపాయమే కలదు. గంటకు పైగా కూర్చుండి, ఇంజను చేతికి ఓర్చునంత చల్లబడిన పిమ్మట, ఆయన యిచ్చిన నీరు కొంచెము కొంచెముగా పోసి, ఆగుచు సాగుచు సాయంకాలమునకు నంద్యాల చేరితిమి.

అక్కడ ఒక వృద్ధ మేస్త్రి కడకు పోయితిమి. ఆయన పనిముట్టు పట్టకముందే పాటక్రింద కూర్చుండబెట్టి ప్రశ్నింపసాగిరి. "అయ్యవారూ, బండి నిలిచి ఉన్నప్పుడు వేడెక్కుతుందా, పరుగులో వేడెక్కుతుందా? ఎన్నాళ్లుగా నీళ్లు పోస్తున్నారు? ఏ నీళ్లు?" మేము సమాధానములు చెప్పితిమి. కడపటి సమాధానము విని ఆయన నవ్వి ఊరకుండిరి. ఆ ప్రశ్నల విలువ అర్థమగుటకు ఇంజను చల్లబడు విధమును ముందుగా తెలిసికొనవలెను.

ఇంజనులో పెట్రోలు మండునపుడు ఆ వాయువుల వేడి 2000 డిగ్రీలకు మించును. హెడ్డు చేయబడు అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. పుట్టిన వేడిలో నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకే బండిని నడపుటకు పనికివచ్చును. ఒక పెద్దభాగము పొగగొట్టమున పోవును. దాదాపు అంతే భాగమును నీరు మోసికొనిపోవలెను. పంపు నీటిని సిలిండర్ల చుట్టును త్రిప్పును. వేడినీరు పైగొట్టముగుండ రేడియేటరునకు వచ్చి, సన్నని గొట్టములలో పారుచు, వాటి నంటియున్న పలుచని రేకుల ద్వారా గాలికి తన వేడినిచ్చి, క్రిందిగొట్టముగుండ మరల పంపును చేరును. బండి పరుగెత్తునపుడు ఎదురుగాలి చాలును. నిలిచినపుడు ఫ్యాను గాలినీడ్చును. నడుమ థర్మోస్టాటు అను కవాటము కలదు. అందలి మైనము సుమారు 82 మొదలు 88 డిగ్రీల కడ కరగి ఉబ్బి కవాటమును తెరచును. అంతవరకు నీటిని రేడియేటరునకు పోనీయక ఇంజనును త్వరగా పదునునకు తెచ్చును.

నీటి బాధ కారుతోడనే పుట్టినది. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ 1886వ సంవత్సరమున పేటెంటు పొందిన బండిలో నీరు మరిగి ఆవిరియై పోవుచుండెడిది. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ తన యిద్దరు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్ట్‌స్‌హైము వరకు నూరు కిలోమీటర్లకు పైగా ఆ జాతి బండిలో ప్రయాణము చేసినపుడు, త్రోవ పొడవునను నీరు పోసికొనుచు పోవలసివచ్చెను. తరువాత విల్‌హెల్మ్ మైబాఖ్ 1900-01 నాటి మెర్సిడెస్ బండికి తేనెపట్టువంటి రేడియేటరు కల్పించి, కొద్ది నీటితోనే పెద్ద యింజనును చల్లబరచెను. బెర్తా బెంజ్ నీరు పోసినది బండి నిర్మాణమే అట్టిది గనుక. మేము నీరు పోసినది కారణము వెదకు శ్రమ తప్పించుకొనుటకు.

ఇక మేస్త్రిగారి ప్రశ్నలకు వత్తము. నిలిచియున్నపుడు వేడెక్కి, పరుగులో చల్లబడు బండికి తరచుగా ఫ్యాను దోషము. ఫ్యూజు, రిలే, మోటారు వీనిని చూడవలెను. నిలిచినపుడు బాగుండి, ఎక్కుడులోను వేగములోను వేడెక్కు బండికి నీటి పారుదలలోనో రేడియేటరులోనో దోషము. బయలుదేరిన కొలది నిమిషములకే వేడెక్కి, పైగొట్టము చల్లగానే యున్నచో థర్మోస్టాటు మూసికొనిపోయినది. ఎంత నడిచినను సూచి పైకి రాకున్నచో అది తెరచుకొనిపోయినది. వేడి సరిగానుండి నీరు మాత్రము తగ్గుచున్నచో కారుట యెక్కడనో వెదకవలెను. ఒక్కొక్క ప్రశ్న కొన్ని త్రోవలను మూసి, ఒక త్రోవను తెరచును.

ఇంజను పూర్తిగా చల్లారినదాక ఆయన మూత ముట్టలేదు. తీసి చూడగా లోపల తుప్పు రంగు బురదనీరు, అంచులకు తెల్లని పెచ్చు కనబడెను. ముందుగా అన్నిటికన్న చెడ్డ కీడును శంకించి, నూనె పోయు మూతను, నూనె పుల్లను చూచిరి. నూనె పాలు కలిసిన కాఫీవలె మారియున్నను, రేడియేటరులో బుడగలు ఎడతెగక వచ్చుచున్నను, పొగగొట్టమునుండి తియ్యని వాసనగల తెల్లపొగ పోవుచున్నను హెడ్డు గాస్కెట్టు చెడినదని శంకింపవలెను. మా నూనె శుభ్రముగా నుండెను, బుడగలును లేవు. మేము ఊపిరి తీసికొంటిమి. తరువాత ఇంజను నడపి వేచియుండగా ఫ్యాను సరియైన వేళకు తిరిగెను. మరల చల్లార్చి థర్మోస్టాటు నూడదీసి, గిన్నెడు నీటిలో దారముతో వ్రేలాడదీసి స్టవ్వుపై పెట్టిరి. మన ప్రయోగశాలలోని ప్రయోగమే! ఉష్ణమాపకము 80 దాటిన పిమ్మట అది మెల్లగా నోరు తెరచెను. "ఎండలదేశంలో ఇది ఎందుకని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. తీస్తే ఇంజను సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది" అని చెప్పి దానిని తిరిగి బిగించిరి.

అటుపై రేడియేటరు నోట చేతిపంపు బిగించి గాలి యెక్కించిరి. పంపు మీటరు కొలది నిమిషములలో దిగుట మొదలిడెను. దీపము పట్టి వెదకగా క్రిందిగొట్టము చివర బిగింపుపట్టీ వదులై, ఒక్కొక్క చుక్క వెలువడుచుండెను. ఒత్తిడి యున్నప్పుడే ఆ చుక్క వచ్చును; వచ్చిన చుక్క వేడి యినుముపై పడి ఆరిపోవును. అందుకే నేలపై తడి లేదు. ఆ పట్టీ ధర నలుబది రూపాయలు.

ఆ నలుబది రూపాయల లోపమునకు మేము ఎనిమిది నెలలు బోరునీటితో వైద్యము చేసితిమి. లోనుండిన కూలెంటు క్రమముగా పోయి ఉత్తనీరు మిగిలెను. కూలెంటనగా నీటితో ఇథిలీన్ గ్లైకాలును తుప్పు పట్టనీయని మందులను కలిపినది. అది పోగా తుప్పు పుట్టెను. బోరునీటిలోని సున్నము వేడికి విడివడి సన్నని గొట్టముల గోడలకు పట్టెను. ఆ పెచ్చు వేడిని సాగనీయదు, గొట్టములను పూడ్చును. మేస్త్రిగారు మా చేతిని పట్టి, నిలిపియుంచిన వెచ్చని రేడియేటరుపై అక్కడక్కడ ఆనించిరి. కొన్నిచోట్ల వేడిగా, కొన్నిచోట్ల చల్లగా నుండెను. చల్లని చోట్ల నీరు పారుటలేదు. చదునైన త్రోవలో మిగిలిన గొట్టములతో బండి నెట్టుకొనివచ్చెను. కనుమ యెక్కునపుడు చాలకపోయెను. రేడియేటరు మార్చుటకు నాలుగువేల రూపాయలు పైగా ఆయెను. రోగము చిన్నది, మా మందే పెద్ద రోగమాయెను.

ఆ రాత్రి నంద్యాలలో మాకు నిద్ర పట్టలేదు. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లోపనిర్ధారణ పరీక్షనుగూర్చి చదివినవారము. పరీక్షలో దానిపై వ్యాసము వ్రాసి మంచి మార్కులు పొందినవారము. తప్పు చేసిన విద్యార్థికి మరల అదే పని యిచ్చుటకు ముందు, తప్పు ఏ మెట్టున పుట్టినదో కనుగొనవలెనని దాని సారాంశము. ఆ సంవత్సరము ఆరవ తరగతిలో భాగహారము రాని బాలిక యొకతె యుండెను. ఆమె తప్పు చేసినప్పుడెల్ల ఇంకొక పది లెక్కలిచ్చుచుంటిమి. శనివారము శనివారము చెంబెడు నీరు పోసినట్లే గదా అని ఆ రాత్రి తోచెను. సోమవారమున ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్క లెక్కను బిగ్గరగా చెప్పుచు చేయుమంటిమి. 408ని 4తో భాగించి 12 అని వ్రాసెను. "నాలుగులో నాలుగు ఒకటి, సున్నలో ఏమీ లేదు కాబట్టి వదిలేశాను, ఎనిమిదిలో రెండు" అనెను. ఆమెకు భాగహారము వచ్చును. సున్నకు చోటు విడువవలెనని మాత్రము తెలియదు. దానిని చెప్పుటకు పావుగంట పట్టెను. మేము అంతకుముందు ఇచ్చిన లెక్కలన్నియు ఆమె తప్పును గట్టిపరచినవి. లెక్కలనిన భయమును పెచ్చువలె పేర్చినవి.

ఆ సోమవారముననే తొమ్మిదవ తరగతిలో అందరియెదుట ఆ చిన్నవానిని నిలిపి, "త్రోవలో వీడు చెప్పినది నిజము, మేము వినకపోవుట తప్పు, గద్దించుట అంతకన్న తప్పు" అని చెప్పితిమి. చెప్పునపుడు మా గొంతు కొంచెము వణకెను. దానివలన మా మర్యాద తగ్గునేమో యని భయపడితిమి. తగ్గినట్లు మాకు తోచలేదు. ఆనాటినుండి ఆ తరగతిలో ప్రశ్నలు ఎక్కువాయెను.

విద్యార్థులారా, మీలో పలువురు ముందుముందు బండ్లు నడపుదురు. సూచి లేచినపుడు చల్లగాలి యంత్రము నాపుడు. క్షేమమైన చోట నిలుపుడు. ఇంజను చల్లారునంతవరకు, అరగంటకు తక్కువ గాకుండ, మూత ముట్టకుడు. మొగమును దూరముగా నుంచుడు. బండికి చెప్పబడిన కూలెంటునే వాడుడు. అది తియ్యగానుండు విషము గనుక పిల్లలకును కుక్కలకును అందనీయకుడు. అన్నిటికన్న ముఖ్యముగా, మూసిన పాత్రలో నీరు తగ్గినదనగా అది ఎచటికో పోవుచున్నదని యెరుగుడు. ఒకసారి పోయుట అవసరమే. రెండవసారి పోయుటకు ముందు కారణము వెదకవలెను.

మా పాత కారు ఇప్పటికిని నడచుచున్నది. శనివారము ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడు, డబ్బాపై గల గీతను చూచుట మా యలవాటు. ఆ చెంబు వంటయింటికి తిరిగి పోయినది.